నడుం నొప్పి ట్రయల్స్: తిరుపతి, చిత్తూరు వైపు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏళ్ల తరబడి నడుం నొప్పితో తిరుగుతున్న వాళ్లను ఆసుపత్రిలో ఎవరో ఒకరు "ఒక స్టడీ జరుగుతోంది, చేరతారా?" అని అడుగుతారు. అప్పటికప్పుడు ఏం చెప్పాలో తోచదు. ఇంటికొచ్చి పిల్లల్ని అడిగితే వాళ్లకూ తెలియదు. నేను ఫిజియోథెరపిస్టుని. చంద్రగిరి, పుత్తూరు, పాకాల, చిత్తూరు వైపు నుంచి వచ్చే వాళ్లు నన్ను అడిగే ప్రశ్నల్ని వీలైనంత వరకు వాళ్ల మాటల్లోనే ఇక్కడ పెట్టాను. ఇది చదివి మందులు మార్చుకోవద్దు. మీ డాక్టరుతో మాట్లాడేటప్పుడు ఏం అడగాలో తెలియడానికే ఈ పేజీ.

ట్రయల్ అంటే ఏంది సార్? కొత్త మందు మా మీద వేసి చూడటమా?

కొన్నిసార్లు కొత్త మందే. చాలాసార్లు కాదు. ఒక చికిత్స నిజంగా పనిచేస్తుందా, దానివల్ల హాని ఎంత అనేది ముందే రాసుకున్న పద్ధతి ప్రకారం మనుషుల్లో పరీక్షించి చూడటాన్ని క్లినికల్ ట్రయల్ అంటారు. నడుం నొప్పిలో ఎన్నో ఏళ్లుగా వాడుతున్న మాత్రలు, వెన్నులోకి ఇచ్చే ఇంజెక్షన్లు, వ్యాయామం, యోగా, ఆక్యుపంక్చర్ (ఒంట్లో సన్నని సూదులు గుచ్చే వైద్యం), చివరికి పరుపుల మీద కూడా ట్రయల్స్ జరిగాయి. పూర్తిగా కొత్త మందు అయితే మొదటి దశలో కొద్దిమందిలో భద్రత చూస్తారు, రెండో దశలో మోతాదు, మూడో దశలో ఎక్కువమందిలో ఫలితం. మార్కెట్లోకి వచ్చాక చేసేది నాలుగో దశ. మిమ్మల్ని అడిగినప్పుడు "ఇది ఎన్నో దశ?" అన్న ఒక్క ప్రశ్న వేయండి. మొదటి దశకూ నాలుగో దశకూ రిస్కులో చాలా తేడా ఉంటుంది.

మా పక్కింటాయనకు ఒక నూనె రాస్తే తగ్గిపోయింది. ఇంక ట్రయల్ ఎందుకు?

ఈ పేజీలో మిగతావి చదవకపోయినా ఈ ఒక్క జవాబు చదవండి.

నడుం నొప్పి ఎప్పుడూ ఒకే స్థాయిలో ఉండదు. నెలలో పది రోజులు భరించలేనంత, తర్వాత కొంచెం నయం, మళ్లీ ఒక పెళ్లికి బస్సులో పోయి వస్తే మొదటికి వస్తుంది. మనిషి డాక్టరు దగ్గరకైనా, నూనె కోసమైనా ఎప్పుడు పోతాడు? నొప్పి పైస్థాయిలో ఉన్నప్పుడే. అక్కడి నుంచి అది ఎలాగూ కొంత దిగుతుంది. ఆ దిగే టైములో ఏది రాసుకుంటే దానికే పేరు వస్తుంది. పక్కింటాయన అబద్ధం చెప్పడం లేదు, ఆయనకు నిజంగానే తగ్గింది. నూనె వల్ల తగ్గిందా, రాయకపోయినా తగ్గేదా అన్నది ఆయన ఒక్కడి అనుభవం చెప్పలేదు.

దీనికి మంచి ఉదాహరణ ప్యారాసిటమాల్. దశాబ్దాలుగా ప్రపంచమంతా కొత్తగా వచ్చిన నడుం నొప్పికి మొదటి మందుగా దాన్నే రాశారు. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో 1,652 మందిని మూడు గుంపులు చేసి చూశారు. రోజూ వేళకు మాత్ర వేసుకున్న వాళ్లు కోలుకోవడానికి 17 రోజులు, అవసరమైనప్పుడు వేసుకున్న వాళ్లకు 17 రోజులు, మందు లేని ఉత్తి మాత్ర వేసుకున్న వాళ్లకు 16 రోజులు పట్టింది. 2014లో ఈ ఫలితం వచ్చింది. ఆ ఉత్తి మాత్రల గుంపు లేకపోయి ఉంటే "ప్యారాసిటమాల్ వేసుకుంటే రెండున్నర వారాల్లో తగ్గుతుంది" అనే నమ్మకం అలాగే ఉండేది. మీ నొప్పి తగ్గడం ఒక సంగతి, మందు పనిచేయడం ఇంకో సంగతి. ఆ రెండిటినీ విడదీయడానికే ఇన్ని వందల మందిని, ఇన్ని నెలల్ని ఖర్చు పెడతారు.

అంటే నాకు ఉత్తి మాత్ర ఇచ్చి మోసం చేస్తారా?

చెప్పకుండా ఇస్తే మోసమే. చెప్పి, మీ సమ్మతి తీసుకుని, "మీకు రెండిట్లో ఏది వస్తుందో మాకూ తెలియదు" అని ముందే రాసిస్తే మోసం కాదు. ప్లాసిబో అంటే చూడటానికి అచ్చం మందులా ఉండి లోపల మందు లేని మాత్ర. చాలా ట్రయల్స్‌లో ప్లాసిబో ఉండదు కూడా. పాత చికిత్సకు, కొత్త చికిత్సకు పోలిక ఉంటుంది.

ఉత్తి మాత్ర గుంపులో పడితే నష్టపోయినట్టేనని చాలామంది దిగులు పడతారు. జర్మనీలో 1,162 మంది దీర్ఘకాలపు నడుం నొప్పి రోగుల మీద ఆక్యుపంక్చర్ ట్రయల్ చేశారు. ఫలితాలు 2007లో వచ్చాయి. ఆరు నెలల తర్వాత అసలు సూదుల గుంపులో 47.6 శాతం మందికి గుణం కనిపించింది. ఊరికే ఎక్కడో ఒకచోట పైపైన గుచ్చిన నకిలీ సూదుల గుంపులో 44.2 శాతం మందికి. మామూలు చికిత్స, అంటే మందులు, ఫిజియోథెరపీ తీసుకున్న గుంపులో 27.4 శాతం మందికే. నకిలీ సూదులు పడ్డవాళ్లు మామూలు చికిత్స వాళ్ల కంటే బాగున్నారు! ఎవరో శ్రద్ధగా చూడటం, వేళకు పిలవడం, తగ్గుతుందన్న ఆశ, ఇవన్నీ నొప్పి మీద పనిచేస్తాయి. నొప్పి నాటకమని దీనర్థం కాదు. నొప్పిని చివరికి తయారుచేసేది మెదడు, దానికి ఈ సంగతులన్నీ అందుతాయి.

పోర్చుగల్‌లో ఇంకో అడుగు ముందుకు వేశారు. "ఇవి ఉత్తి మాత్రలే" అని మొహం మీదే చెప్పి ఇచ్చారు. 2016లో వచ్చిన ఆ చిన్న ట్రయల్‌లో అలా వేసుకున్న వాళ్లకు కూడా నొప్పి తగ్గింది. చిన్నది కాబట్టి దాని మీద నేను పెద్దగా భారం వేయను.

మంచి మందు గుంపులో వేయమని డాక్టరు గారిని అడగొచ్చా? మాకు తెలిసినాయనే.

అడిగినా ఆయన చేతిలో ఉండదు, ఉండకూడదు కూడా. తిరుమల ఆర్జిత సేవలకు తీసే ఎలక్ట్రానిక్ డిప్ తెలుసు కదా, పేరు ఇచ్చాక కంప్యూటర్ తీస్తుంది, కౌంటర్లో ఉన్నాయన మార్చలేడు. ఇక్కడా అంతే. తెలిసిన వాళ్లను, తక్కువ నొప్పి ఉన్న వాళ్లను ఒక వైపుకు నెడితే పోలికే చెడిపోతుంది. పైగా "మంచి మందు" ఏదో ముందే తెలిస్తే ట్రయల్ చేయాల్సిన పనే లేదు.

నాకు ఎల్ ఫోర్, ఎల్ ఫైవ్ దగ్గర డిస్కు అరిగిందన్నారు. నన్ను చేర్చుకుంటారా?

స్కానింగ్ రిపోర్టు ఒక్కటే చూసి చేర్చుకోరు. నొప్పి 12 వారాలు దాటిందా, పది మార్కులకు మీ నొప్పి ఎంత, కాల్లోకి పాకుతుందా, వయసు, షుగరు, బీపీ, కిడ్నీ, వేసుకుంటున్న మందులు, ఇవన్నీ చూస్తారు. చేర్చుకోకపోతే బాధపడొద్దు. మీ రక్తం పలచబడే మందుకు, వాళ్లు ఇచ్చే ఇంజెక్షనుకు పడదని ఆపి ఉండొచ్చు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ అయితే షుగరు కొన్నాళ్లు పెరుగుతుంది కాబట్టి షుగరు ఉన్న వాళ్లను ఆపొచ్చు. గర్భం ఉన్నా, వచ్చే అవకాశం ఉన్నా మందుల ట్రయల్స్‌లో నియమాలు గట్టిగా ఉంటాయి.

అరిగిన డిస్కు గురించి ఒక మాట. నొప్పే లేని మూడు వేల మందికి పైగా స్కానింగులను కలిపి 2015లో ఒక సమీక్ష చేశారు. ఇరవై ఏళ్ల వాళ్లలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది, ఎనభై ఏళ్ల వాళ్లలో 96 శాతం మందికి. తల నెరిసినట్టే ఇదీను. "గ్యాప్ వచ్చింది" అన్న మాట విని జీవితమంతా వంగడానికి భయపడే వాళ్లను రోజూ చూస్తుంటాను, అందుకే ఇంత చెబుతున్నాను.

ఖమ్మంలో ఆడపిల్లల మీద టీకా వేసి చూశారంట కదా. మేం ఎట్లా నమ్మేది?

ఈ అనుమానం న్యాయమైనది. ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం జిల్లాలో 2009లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాను దాదాపు 14,000 మంది ఆడపిల్లలకు వేసే ప్రాజెక్టు మొదలైంది. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ ప్రాజెక్టులో ఉండగా కొందరు పిల్లలు చనిపోయారు, వాటికి టీకా కారణం అయ్యే అవకాశం లేదని విచారణ కమిటీ చెప్పింది. సమ్మతి తీసుకున్న తీరు మాత్రం ఘోరం. అమ్మానాన్నలకు బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారని పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో తప్పుపట్టింది. అదే కాలంలో సుప్రీంకోర్టులో కూడా దేశంలోని ట్రయల్స్ మీద కేసు నడిచింది.

ఆ తర్వాత నియమాలు బిగిశాయి. ఇప్పుడు అమల్లో ఉన్నవి 2019 మార్చిలో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు. వాటి ప్రకారం ఎథిక్స్ కమిటీ, అంటే చేరే వాళ్లకు అన్యాయం జరగకుండా చూసే కమిటీ, దాని అనుమతి లేకుండా ఒక్క మనిషిని కూడా చేర్చుకోకూడదు. కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, సగం మందైనా ఆ ఆసుపత్రికి సంబంధం లేని వాళ్లై ఉండాలి, అధ్యక్షుడు బయటి మనిషే కావాలి. ఒక స్త్రీ, ఒక న్యాయ నిపుణుడు, వైద్యంతో సంబంధం లేని ఒక మామూలు మనిషి తప్పనిసరి. కాగితం మీద నియమం ఉన్నంత మాత్రాన అంతా సవ్యంగా జరుగుతుందని నేను చెప్పను. మీరు అడిగితేనే ఆ నియమానికి బలం. సమ్మతి పత్రంలో ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు ఉంటుంది. దానికి ఫోన్ చేసిన వాళ్లు నాకు తెలిసి చాలా తక్కువ, కానీ చేయొచ్చు.

మా నాయనకు చదువు రాదు. సంతకం ఎట్లా?

చదివి వినిపించాలి, ఆయనకు అర్థమయ్యే తెలుగులో. ఆ మాటలు జరిగినంతసేపూ ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. నాయన వేలిముద్ర వేస్తే సాక్షి సంతకం పెడతాడు. ఒక కాపీ మీకు ఇవ్వాలి. చిత్తూరు వైపు వాళ్లు చాలామంది వైద్యానికి వేలూరుకు పోతారు. అక్కడైనా సరే, తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉన్న కాగితం మీద సంతకం పెట్టొద్దు, తెలుగు పత్రం అడగండి. కాగితం ఇంటికి తీసుకెళ్లి నలుగురితో మాట్లాడి రేపు చెబుతానంటే ఎవరూ కాదనకూడదు. "ఇప్పుడే పెట్టాలి" అని తొందర పెడితే మాత్రం లేచి వచ్చేయండి.

ఏమన్నా అయితే ఎవరు చూస్తారు?

మందుల ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయాలి. ఆ హాని ట్రయల్ వల్ల కాదని తేలేదాకా, లేదా అవసరమైనంత కాలం చేయాలి. ఆసుపత్రిలో చేర్చాల్సినంత పెద్ద హాని జరిగితే ట్రయల్ డాక్టరు 24 గంటల్లో ఢిల్లీలోని మందుల నియంత్రణ సంస్థకు, ఎథిక్స్ కమిటీకి, ట్రయల్ నడిపే కంపెనీకి తెలపాలి. ట్రయల్ వల్లే మరణం సంభవిస్తే 8 లక్షల రూపాయల మూలమొత్తం మీద వయసునూ అప్పటికున్న జబ్బు తీవ్రతనూ బట్టి పరిహారం లెక్కగడతారు. ఉత్తర్వు వచ్చిన 30 రోజుల్లో ఇవ్వాలి.

యోగా, వ్యాయామం లాంటి స్టడీలు, పీజీ విద్యార్థులు థీసిస్ కోసం చేసేవి ఈ మందుల నియమాల కిందకు అన్నీ రావు. వాటికి భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు ఉన్నాయి. ఇలాంటి స్టడీ అయితే "ఏమన్నా అయితే ఖర్చు ఎవరిది?" అని అడిగి, జవాబు పత్రంలో ఎక్కడ రాసి ఉందో చూపించమనండి.

డబ్బులిస్తారా?

రాకపోకల ఖర్చు, పోయిన కూలీ ఇవ్వొచ్చు. పెద్ద మొత్తం ఆశ చూపితే అనుమానించండి. ట్రయల్ కోసం చేసే పరీక్షలకు, ఇచ్చే మందుకు మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. మీరే డబ్బు కట్టి చేరే "స్టెమ్ సెల్ స్టడీ" లాంటి ప్రకటనలు కనిపిస్తే దూరంగా ఉండండి.

మధ్యలో మానేస్తే కోప్పడతారేమో? తర్వాత ఓపీలో చూస్తారా?

ఎప్పుడైనా, కారణం చెప్పకుండా మానేయొచ్చు. మీ మామూలు వైద్యం ఆగకూడదు. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కార్డుకూ దీనికీ ఏ సంబంధం లేదు. ఒక్కటి మాత్రం చేయండి, మానేసే ముందు ఒక ఫోన్ కొట్టండి. కొన్ని మందులు ఒక్కసారిగా ఆపకూడదు.

పుత్తూరు కట్టు కట్టించుకున్నా, నాటు మందు తింటున్నా. చెబితే తీసేస్తారని భయం.

తీసేసినా సరే చెప్పండి. పుత్తూరులో కట్టేది ఎముకలు విరిగిన వాళ్లకు, అయినా మన వైపు నడుముకూ అక్కడికే పోయే వాళ్లున్నారు. కట్టు సంగతి చెబితే ఏ హానీ లేదు. నాటు మందులోనూ, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రల్లోనూ స్టెరాయిడ్ ఉండొచ్చు, నొప్పి మాత్ర ఉండొచ్చు. దాని మీద ట్రయల్ మందు పడితే కడుపులో పుండ్లు, కిడ్నీకి దెబ్బ. దాచిపెట్టిన మాత్ర మీకే ప్రమాదం, ట్రయల్ లెక్క చెడటం తర్వాతి మాట. చాలా ట్రయల్స్‌లో మొదలుపెట్టే ముందు కొన్ని రోజులు పాత నొప్పి మాత్రలు ఆపమంటారు. ఆ రోజుల్లో నొప్పి భరించలేకపోతే ఏం వేసుకోవచ్చో ముందే అడిగి రాయించుకోండి.

మొక్కు ఉంది. ట్రయల్‌లో ఉండగా అలిపిరి మెట్లెక్కొచ్చా?

ఎక్కొద్దని అందరికీ ఒకే నియమం ఉండదు. 3,550 మెట్లు ఎక్కితే మామూలు వాళ్లకే రెండు రోజులు తొడలు పట్టేస్తాయి. ఆ మర్నాడు మీ నొప్పి మార్కు ఎనిమిదని రాస్తే, అది మందు తప్పా మెట్ల ఫలితమా ఎవరికీ తెలియదు. కాబట్టి వెళ్లే తేదీ ముందే చెప్పండి, డైరీలో రాయండి. వరికోతలు, మామిడి కోతల రోజులకూ ఇదే వర్తిస్తుంది. నొప్పి కొలిచే రోజును అటో ఇటో జరపడానికి వీలుంటే వాళ్లే జరుపుతారు.

నొప్పిని మిషన్‌తో కొలుస్తారా?

నొప్పికి మిషన్ లేదు. సున్నా నుంచి పది దాకా మార్కు మీరే వేస్తారు. సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే ఊహించగలిగినంత నొప్పి. సాధారణంగా రెండు మార్కులో, మొదటి దానిలో 30 శాతమో తగ్గితే మనిషికి తేడా తెలిసినట్టు లెక్క. దాంతోపాటు ఎంతసేపు కూర్చోగలరు, నడవగలరు, నిద్ర ఎలా ఉంది అని ఒక ప్రశ్నపత్రం ఇస్తారు. ఎక్కువగా వాడే ఆస్వెస్ట్రీ ప్రశ్నలు ఇంగ్లండులో పుట్టాయి. కూర్చోవడం అంటే అందులో కుర్చీలో కూర్చోవడమే. మన వాళ్లకు నడుము పట్టేది నేల మీద బాసింపట్టు వేసి అన్నానికి కూర్చున్నప్పుడు, పొయ్యి దగ్గర వంగినప్పుడు, పాలు పిండేటప్పుడు. ఆ సంగతి మీరే నోరు విప్పి చెప్పండి. డాక్టరును సంతోషపెట్టడానికి తక్కువ మార్కు, చికిత్స ఆగిపోతుందని ఎక్కువ మార్కు వేయొద్దు.

ఇప్పటిదాకా ఈ ట్రయల్స్‌లో ఏం తేలింది?

చాలా తేలింది. కొన్ని మన అలవాట్లకు ఎదురు కూడా.

చెక్క మీద, గట్టి నేల మీద పడుకుంటే నడుముకు మంచిదని మన ఇళ్లలో గట్టి నమ్మకం. స్పెయిన్‌లో 313 మందికి పరుపులు మార్చి 90 రోజులు చూశారు. బాగా గట్టి పరుపు కంటే మధ్యరకం పరుపు మీద పడుకున్న వాళ్లకే నొప్పి ఎక్కువ తగ్గింది. 2003 నాటి ఫలితమిది.

నరం లాగుతోందంటే మన దగ్గర ప్రీగాబాలిన్ చాలా విరివిగా రాస్తారు. సయాటికా, అంటే నడుం నుంచి కాల్లోకి పాకే నరం నొప్పి ఉన్న 209 మందిలో 2017లో వచ్చిన ఆస్ట్రేలియా ట్రయల్‌లో అది ఉత్తి మాత్ర కంటే మెరుగు కాలేదు, తల తిరగడం మాత్రం ఎక్కువైంది. దీర్ఘకాలపు నడుం, మోకాలి, తుంటి నొప్పులున్న 240 మంది అమెరికా మాజీ సైనికులకు ఏడాది పాటు మార్ఫిన్ జాతి మందులిచ్చి, మామూలు నొప్పి మందులతో పోల్చారు. 2018లో వచ్చిన ఫలితంలో బలమైన మందులకు ఏ పైచేయీ లేదు.

ఒక్క ట్రయల్‌తో తొందరపడకూడదని చెప్పేది యాంటీబయాటిక్ కథ. డెన్మార్క్‌లో 162 మందితో చేసిన ట్రయల్‌లో వంద రోజులు యాంటీబయాటిక్ వాడిన వాళ్లకు నడుం నొప్పి బాగా తగ్గిందని 2013లో పెద్ద వార్త అయింది. నార్వేలో 180 మందితో మళ్లీ చేశారు. 2019లో తేలిందేమంటే, చెప్పుకోదగ్గ మేలు లేదు. మధ్యలో ఆరేళ్లు ఎందరు అనవసరంగా ఆ మందులు మింగారో.

టానెజుమాబ్ అనే ఇంజెక్షన్ నొప్పి తగ్గించింది, కానీ ట్రయల్స్‌లో కొందరి కీళ్లు వేగంగా దెబ్బతిన్నాయి. 2021లో కంపెనీలు దాన్ని వదిలేశాయి. ట్రయల్‌లో చేరిన వాళ్ల వల్ల మిగతా లోకం ఆ హాని నుంచి తప్పించుకుంది. చేరిన వాళ్లలో కొందరికి ఆ హాని తగిలింది కూడా. ఈ రెండో వాక్యాన్ని మీకు చెప్పని వాళ్ల దగ్గర చేరొద్దు.

మంచి వార్తలు ఎక్కువగా కదలిక వైపు నుంచే వచ్చాయి. ఆస్ట్రేలియాలో 492 మందితో చేసిన ట్రయల్‌లో, భయం పోగొట్టి మళ్లీ వంగడం, ఎత్తడం నేర్పే ఫిజియోథెరపీ పద్ధతి ఏడు సిట్టింగుల్లో ఇచ్చిన మేలు ఏడాదికీ నిలిచింది. 2023 ఫలితమిది. 2024లో 701 మందితో ఇంకోటి వచ్చింది. నడుం నొప్పి తగ్గిన వాళ్లకు నడక ప్రణాళిక ఇస్తే, నొప్పి తిరిగి రావడానికి సగటు మనిషికి 208 రోజులు పట్టింది. నడక లేని గుంపులో 112 రోజులే. బెంగళూరులో 80 మందిని వారం పాటు అక్కడే ఉంచి చేసిన యోగా ట్రయల్ 2008లో వచ్చింది. మామూలు వ్యాయామం కంటే యోగా గుంపు బాగా కోలుకుంది. వారం చాలా తక్కువ కాలం, ఇంటికొచ్చాక ఏమైందన్నదే నాకు ముఖ్యం. అమెరికాలోని బోస్టన్‌లో 320 మందితో చేసిన ట్రయల్‌లో యోగా, ఫిజియోథెరపీ దాదాపు సమానంగా నిలిచాయి.

ఇలాంటి ట్రయల్స్ చూశాకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో నడుం బెల్టు, ట్రాక్షన్ (నడుమును బరువులతోనో మిషన్‌తోనో లాగి ఉంచడం) మామూలుగా వాడొద్దని చెప్పింది. ఆ రెండూ మా ఫిజియోథెరపీ గదుల్లో ఇంకా రోజూ వాడుతున్నారు. మారాల్సింది మేమే.

మన ఊళ్లో ఏ ట్రయల్స్ జరుగుతున్నాయో ఎట్లా తెలుసుకోవాలి?

సీటీఆర్‌ఐ అని ప్రభుత్వ వెబ్‌సైటు ఉంది, భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ. 2007లో మొదలైంది, 2009 జూన్ నుంచి ట్రయల్స్ నమోదు తప్పనిసరి. ఇంగ్లీషులోనే ఉంటుంది, కాబట్టి చదువుకునే పిల్లల్ని కూర్చోబెట్టుకోండి. జబ్బు పేరుతో, ఊరి పేరుతో వెతకొచ్చు. ఆయుర్వేదం, యోగా స్టడీలు కూడా అందులో ఉంటాయి. స్విమ్స్, రుయా, బర్డ్, ఎస్వీ ఆయుర్వేద ఆసుపత్రుల్లో ఓపీకి పోయినప్పుడు నేరుగా అడిగినా తప్పు లేదు. ఎవరైనా మిమ్మల్ని చేరమంటే రిజిస్ట్రీ నంబరు అడగండి. అందులో చేర్చుకునే పని ఇంకా నడుస్తోందా, ఎథిక్స్ కమిటీ ఒప్పుకుందా, డబ్బు ఎవరు పెడుతున్నారు అన్నీ కనిపిస్తాయి. నంబరు చెప్పలేకపోతే సంతకం పెట్టకండి.

ఎప్పుడు ట్రయల్ సంగతి పక్కన పెట్టి పరుగెత్తాలి?

మూత్రం బిగుసుకుపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోయినా, కాలు ఈడుస్తున్నా అదే రోజు ఎమర్జెన్సీకి పోండి. నడుం నొప్పితోపాటు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్నెముక టీబీ ఉందేమో చూడాలి, మన దగ్గర అది అరుదు కాదు. క్యాన్సర్ వచ్చి తగ్గిన వాళ్లకు కొత్తగా నడుం నొప్పి వచ్చినా ఆలస్యం చేయొద్దు.

ట్రయల్ అయిపోయాక నాకు ఏ మాత్ర ఇచ్చారో చెబుతారా?

చివరి మనిషి కూడా పూర్తి చేసి, లెక్కలు మూసేదాకా చెప్పరు. దానికి ఏడాది పైనే పట్టొచ్చు. ఈలోపు ఫోన్ నంబరు మారితే మీకు చేరదు. చివరి విజిట్ రోజున ఫలితం ఎలా తెలుపుతారు, మీరు ఏ గుంపో ఎప్పుడు చెబుతారు, మందు మీకు పనిచేసి ఉంటే తర్వాత దొరుకుతుందా అన్న మూడూ అడిగి, జవాబులు ఓపీ చీటీ మీదే రాయించుకోండి. సమ్మతి పత్రం కాపీని స్కానింగ్ రిపోర్టుల సంచిలోనే పెట్టుకోండి. తర్వాత ఏ డాక్టరు దగ్గరకు పోయినా "ఫలానా నెలల్లో ట్రయల్ మందు వాడాను" అని చూపించడానికి అదొక్కటే ఆధారం.